దొరసాని కడుపు, గౌరి కడుపు

ఆ రోజుల్లో న్యాయమంటే సమానంగా కొలిచి పెట్టడమేనని నా గట్టి నమ్మకం. దానికి 2004 జనవరి ఎనిమిది, గురువారం, ఉదయం ఏడున్నరకు ముప్పు మొదలైంది. అప్పటికి నాకు యాభై దాటాయి గానీ (యాభై రెండు), జెర్సీ ఆవుల విషయంలో పసిపిల్లనే. మా కొట్టంలో పుట్టి పెరిగిన నాటు ఆవు గౌరి పక్కకు, పాలు ఎక్కువ ఇస్తుందని కొన్న జెర్సీ కొత్తగా వచ్చింది. దాని నడక చూసి మా ఆయన దొరసాని అని పేరు పెట్టారు.

మా అనకాపల్లి వైపు చెరకు రసం కాగేటప్పుడు పైకి తేలే మడ్డిని తీసి పశువులకు పెట్టడం మామూలే. గౌరి దూడగా ఉన్నప్పటి నుంచి దాన్ని నాకి, చెరకాకు, ఎండుగడ్డి నమిలి, మధ్యాహ్నమంతా తీరిగ్గా నెమరు వేసేది. ఆ ఉదయం గౌరి ముందు మడ్డి గిన్నె పెట్టగానే దొరసాని మెడ చాచి అరిచింది. పక్షపాతం నా ఇంట ఉండకూడదు కదా. అదే గిన్నెతో, అంచుదాకా, దానికీ పెట్టాను.

కాసేపటికి చిన్న కోడలు వచ్చి, "అత్తా, దొరసాని నెమరెయ్యడం నేదు, ఓపాలి రా" అంది. వెళ్లి చూస్తే ఎడమ డొక్క ఉబ్బి, చొంగ కారుస్తూ మూలుగుతోంది. మా ఆయన డొక్క మీద తట్టి, "డప్పులాగుంది. ఏటెట్టేవే?" అన్నారు.

"గౌరికి ఎంతెట్టేనో అంతే" అన్నాను, అదేదో సమాధానమైనట్టు.

పశువుల డాక్టరు వచ్చి గొట్టం వేసి, నూనె పట్టించి, నడిపించమన్నారు. నాటు ఆవు కడుపు ముతక మేతకు, మడ్డికి ఏళ్లుగా అలవాటు పడిందని, దాణా మీద పెరిగిన జెర్సీకి ఒక్కసారిగా అంత తీపి పడితే లోపల పులిసి, గాలి చేరి, ప్రాణం మీదికొస్తుందని ఓపిగ్గా చెప్పారు. కోడళ్లిద్దరూ ముందు లాగుతుంటే, నేను వెనక నుంచి నెడుతూ, బురదలో చెప్పు పోగొట్టుకుంటూ, బతికితే చాలని ఉప్మాక వెంకన్నకు మొక్కుతూ దాన్ని చెరకు తోట చుట్టూ తిప్పాం. (గౌరి పడుకుని నెమరు వేస్తూ మమ్మల్ని చూస్తోంది.) చివరికి దొరసాని పెద్దగా తేన్చింది. అంత కమ్మని శబ్దం నేను మళ్లీ వినలేదు.

అప్పుడు చిన్న కోడలు తాడు వదలకుండానే, "అత్తా, నువ్వెట్టే అన్నం నాకూ అరగదు. అక్కకెంతో నాకూ అంతే ఎడతావు. పెళ్లయిన కాడి నుంచి సగం గౌరికే ఏసేత్తన్నాను" అంది. పెద్ద కోడలు నేల చూస్తూ, "నాకేమో సాలదు" అని గొణిగింది.

ఆ పూట మొదటిసారి, ఎంత కావాలని అడిగి వడ్డించాను. అంత వయసొచ్చాక నేర్చుకున్న ఆ చిన్న ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నా లెక్కలో నష్టం: సీసాడు నువ్వుల నూనె, నాలుగు పూటల పాలు, ఎడమకాలి చెప్పు. గౌరి లెక్కలో, రోజూ రెండు పూటలా అందే అన్నం.