ఆమె చూసిన పిట్స్‌బర్గ్

పోయిన వారం కాకినాడలో కళ్ళ డాక్టరు దగ్గర, కంట్లో చుక్కలు వేయించుకుని కూర్చున్నాను. గోడమీది టీవీలో శబ్దం లేకుండా ఏదో విహారయాత్రల కార్యక్రమం నడుస్తోంది. కొండవాలు మీద పట్టాలు, వాటిమీద ఎర్రటి పెట్టెలాంటి బండి ఒకటి ఏటవాలుగా పైకి పాకుతోంది. కింద నది, దానిమీద పసుపుపచ్చ వంతెనలు. చుక్కల మసకలోనే ఆ ఊరిని గుర్తుపట్టాను. నేనెప్పుడూ అమెరికా వెళ్ళలేదు. కానీ ఆ ఊరి గురించి ఒకప్పుడు ఒక మనిషిని పోలీసులు కూడా అడగనన్ని ప్రశ్నలు అడిగాను.

అవి తొంభైల చివరి రోజులు. మేము కువైట్‌లో, హవల్లీలో ఉండేవాళ్ళం. మా ఆయనకు అర్దియాలో ఏసీలు బాగుచేసే షెడ్డులో ఉద్యోగం, నాకు ఇంటి దగ్గరే చిన్నపిల్లల బడిలో. నా క్లాసులో ఒక కువైటీ పాపను రోజూ దిగబెట్టి తీసుకెళ్ళే పనిమనిషి తెలుగామె, రాయచోటి దగ్గర పల్లె. మొదటిరోజే "అక్కా" అంది కాబట్టి చెల్లెలైపోయింది. ఆ ఇంట్లో పెద్దావిడ, పాప నాయనమ్మ, ఆమెకు మామా; అరబ్బుల ఇళ్ళల్లో పనివాళ్ళు యజమానురాలిని అలాగే పిలుస్తారు. శుక్రవారం మామా రెండు గంటలు వదిలితే మా ఫ్లాటుకొచ్చి టీ తాగి, మా ఫోనులో ఊళ్ళో ఉన్న భర్తతో, కూతురితో మాట్లాడుకుని వెళ్ళేది. నేను వండే కూరలు చప్పగా ఉంటాయని ఆమెకు గట్టి నమ్మకం. కొంగులో ఎండుకారం పొట్లం కట్టుకొచ్చేది.

ఒక ఏడాది ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. పాపను డ్రైవరు తీసుకురావడం మొదలుపెట్టాడు. అడిగితే "అమ్రీకా" అని చెయ్యి ఆకాశంవైపు చూపించాడు. ఏడు నెలల తర్వాత ఒక శుక్రవారం తలుపు తడితే ఎదురుగా చెల్లెలు. కాస్త తెల్లబడింది, కాస్త చిక్కింది. మామాకు కాలేయం పాడైతే ఆపరేషనుకు పిట్స్‌బర్గ్ అనే ఊరు తీసుకెళ్ళారట, మంచం దగ్గర ఉండటానికి ఈమెను వెంటబెట్టుకున్నారట. ఎండపొడ ఉన్న రోజుల్లో మామాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మామా చిన్నకొడుకు వ్యానులో ఊరంతా తిప్పేవాడట.

"రెండేర్లు వచ్చి కలిసేదాడ మూడో ఏరు పుడతాదక్కా. ఒకపక్క నీళ్ళు టీ మాదిరి, ఇంగోపక్క పచ్చగ. ఆ కొసన ఆకాశానికి ఎగజిమ్మే ఫౌంటెను. కోట ఉండాదంటే పోయి చూసినాం. మన గండికోటలో గుర్రాల కొట్టమంత గూడా ల్యా! చిన్న ఇటికెల ఇల్లు. దానికోసరం తెల్లోళ్ళు తెల్లోళ్ళు కొట్టుకుసచ్చినారంట." ఆస్పత్రి పక్కన నలభై రెండంతస్తుల గోపురం ఉందట, చూస్తే చర్చి, లోపల మాత్రం కాలేజీ అట. అన్నిటికంటే వింత, వార్డు ఊడ్చే ముసలి నల్లావిడ చెప్పిందట: తన చిన్నతనంలో ఉక్కు ఫ్యాక్టరీల పొగకు పట్టపగలు పన్నెండింటికి వీధిదీపాలు వెలిగించేవారని.

మా పై అంతస్తులో అమలాపురం వదిన ఉండేది. ఆ రోజు ఆవిడ కూడా కూర గిన్నెతో వచ్చి అక్కడే ఉంది. చెల్లెలు వెళ్ళగానే గిన్నె కింద పెట్టి, "అమెరికా ఎల్లినోళ్ళు మళ్ళీ అంట్లు తోముకోడానికి కువైట్ వత్తారేంటండీ?" అంది. "పైగా పిట్స్‌బర్గంట! ఎంకన్నబాబు గుడి లేదేంటండీ అక్కడ? మా చిన్నాన్నగారింట్లో ఆ గుడి క్యాలెండరే ఉంది. ఏడు నెల్లుండి ఆ గుడి చూడనిదెవరండీ?"

ఆ గుడి సంగతి నేనూ విన్నాను. మనవాళ్ళలో విననివాళ్ళు తక్కువ. అప్పటినుంచి నా మనసులో పురుగు దొలవడం మొదలైంది. మర్నాడు బడిలో విజ్ఞాన సర్వస్వం తీసి ఆ ఊరి పేజీ చదివాను. రెండు నదులు, కోట, ఉక్కు, వంతెనలు అన్నీ ఉన్నాయి. పగటి దీపాలు లేవు. తర్వాతి శుక్రవారాల్లో టీ గ్లాసు చేతికిచ్చి, ఏమీ ఎరగనట్టు పరీక్ష పెట్టేదాన్ని. కొండెక్కే బండి ఏ రంగు? వంతెనలు ఏ రంగు? ఆమె సంబరంగా చెప్పేది. రెండు వారాల తర్వాత అదే ప్రశ్న మళ్ళీ అడిగేదాన్ని. అదే జవాబు వచ్చేది. ఒక్క పొల్లు తేడా లేకపోతే, బట్టీ పట్టి ఉంటుందనిపించేది. గుడికి వెళ్ళలేదేమని అడిగితే మాత్రం, "కుదర్లేదక్కా" అని మాట మార్చేసేది. అనుమానం పెంచుకునేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

వదిన మరిది ఫహాహీల్‌లో పనిచేసేవాడు. వాడి గదిలో రాయచోటి మనుషులున్నారు. వదిన అన్న మాట సముద్రం పక్కగా బస్సెక్కి అంత దూరం వెళ్ళేసరికి చెల్లెలు ఏడు నెలలూ జైల్లో ఉంది. ఊరు చేరేసరికి ఎవడితోనో ఉంది.

ఒక శుక్రవారం చెల్లెలు మాట్లాడుతుండగానే అవతల ఫోను పెట్టేశారు. భర్త, ఇంటికి రానక్కర్లేదన్నాడట. కూతురితో మాట్లాడనివ్వలేదట. కాసేపటికి మొహం తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు సదువుకున్నదానివి. నువ్వు రాస్తే నమ్ముతాడు. నేను మామాతోనే ఉంటినని ఒక్క జాబు రాసియ్యి."

నేను వెంటనే కలం తీసి ఉండాల్సింది. నా నోట్లోంచి వచ్చింది వేరు. "నీ పాస్‌పోర్టులో ముద్ర ఉంటుంది కదా, ఒకసారి చూపిస్తే రాస్తాను."

"పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, పనిచ్చినోళ్ళ దగ్గర కదక్కా ఉండేది." అని, అప్పుడు అర్థమైనట్టు నా వంక చూసింది. "నువ్వు గూడానా?" అంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. టీ అలాగే ఉండిపోయింది.

నాలుగు రోజులు ఎలాగో ఓర్చుకుని, పాప బొమ్మలు వేసిన పుస్తకం ఇచ్చే నెపంతో ఆ ఇంటికి వెళ్ళాను. మామా పెద్ద దివాను మీద దిండ్ల మధ్య కూర్చుని ఉంది. నాకొచ్చిన అరబ్బీ, ఆవిడకొచ్చిన హిందీ కలిపి మాట్లాడుకున్నాం. పగటి దీపాల సంగతి ఎత్తగానే ఆవిడ నవ్వింది. "ఆ ముసలామె చెబుతుంటే నీ చెల్లి తనకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో విని, ఒక్కో మాటా నాకు అరబ్బీలో చెప్పేది. ఇక్కడ యుద్ధంలో నూనె బావులు తగలబడిన ఏడాది మాకూ మిట్టమధ్యాహ్నం చీకటే. దీపాలు వేసుకునే అన్నం తిన్నాం. అది విని ఆ ముసలామె నా చెయ్యి పట్టుకుంది."

గుడి గురించి అడిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. అక్కడ మీ భాష డాక్టరమ్మ ఒకతె ఆదివారం కారులో తీసుకెళతానంది, అని చెప్పింది. చెల్లెలు పొద్దున్నే తలస్నానం చేసి, దాచుకున్న చీర కట్టుకుంది. అంతలో మామాకు చలిజ్వరం వచ్చింది. "నేను యల్లా, వెళ్ళు అన్నాను. చీర విప్పేసి వచ్చి నా కాళ్ళు పడుతూ కూర్చుంది. మళ్ళీ ఆ డాక్టరమ్మకు కుదరలేదు. ఆ మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తదు, నేను బాధపడతానని."

మామా సొరుగు లాగి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది, జాబుతో పాటు నకలు పంపుకొమ్మని. ఇంత విన్నాక కూడా నేను ఆ పేజీ తిప్పి ముద్ర చూశాను. చూడకుండా తీసుకుని ఉంటే ఇవాళ ఈ కథ ఇంకొంచెం ధైర్యంగా చెప్పగలిగేదాన్ని.

జాబు మూడు పేజీలు రాశాను. మామా వేలిముద్ర కూడా వేయించాను, అవసరం లేకపోయినా. రెండు నెలలకు భర్త దిగొచ్చాడు. కూతురి గొంతు మళ్ళీ ఫోనులో వినబడింది. వదిన తన మాటలన్నీ మరిచిపోయి, చెల్లెలికి కొబ్బరి లడ్డూలు చేసిచ్చింది. చెల్లెలు మునుపటిలాగే కారం పొట్లంతో వచ్చేది, నవ్వేది, పాప అల్లరి చెప్పేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఆ ఊరి సంగతులు ఇంకేమైనా చెప్పవే" అన్నాను. తడబడకుండా, కోపం లేకుండా చెప్పింది: "ఖలాస్ అక్కా. అంతా మరిసిపోయినా."

తర్వాత కొన్నేళ్ళకు కూతురి చదువుకని ఊరెళ్ళిపోయింది. మేమూ వచ్చేశాం. ఆమెకిప్పుడు అరవై దగ్గరపడి ఉంటాయి. ఆమె మాట నిజమని నమ్మడానికి నాకు పట్టింది నాలుగు నెలలే. కువైట్‌లో గడిపిన పదిహేనేళ్ళూ ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ నాలుగు నెలలు మాత్రం నాకింకా గడవలేదు.