చీకట్లో కుర్చీ

నాటకం చూసేవాళ్ళకి ఆయన కనబడడు. కనబడితే ఉద్యోగం ఊడినట్టే. ఒక సీను అయిపోయి లైట్లు ఆరిపోగానే మంచాలూ బల్లలూ మోసుకొచ్చి, మళ్ళీ వెలుగొచ్చేలోపు వేదికంతా మార్చేసి మాయమైపోవడం ఆయన పని. చప్పుడుండదు, తడబాటుండదు. అందుకే నాటకశాలలో అందరూ ఆయన్ని ‘పిల్లి’ అంటారు. నటులకి చప్పట్లు కొట్టేసి ఇంటిదారి పట్టే మనకి ఇలాంటి మనిషొకడున్నాడనే తెలీదు. మన గొప్ప అలా ఏడిసింది!

ఒకరోజు జారిపోతున్న చెక్కగోడని ఆపబోతే ఆయన మోకాలు మెలిపడింది. లోపలి లిగమెంటు తెగింది. డాక్టర్లు తొడ వెనక కండరాన్ని ఎముకకి కట్టిపెట్టే టెండన్‌లోంచి ముక్క తీసి కొత్తది అమర్చారు. కాలు నిలబడింది, మెట్లూ ఎక్కింది. కానీ కోత పక్కన అరచేయంత మేర మొద్దుబారిపోయింది. అక్కడ ప్యాంటు రాసుకుంటే పక్కవాడి కాలికి రాసుకున్నట్టుండేది. అదైనా నయం. ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన చేత కళ్ళు మూయించి, ఆ మోకాలిని కొంచెం వంచి పట్టుకుని, “రెండోది కూడా ఇంతే వంచండి బాబాయ్” అంది. వంచాడు. కళ్ళు తెరిచి చూస్తే రెండిటికీ పొంతనే లేదు.

“కొత్తది గట్టిదే బాబాయ్. కానీ కాలు ఎక్కడుందో కబురు చెప్పే నరాలు పాతదాంతోనే పోయాయి. ఆ పని ఇప్పుడు చుట్టూ ఉన్న కండరాలకి నేర్పాలి.”

“చూసుకుంటూ నడిస్తే బాగానే ఉందమ్మా.”

“మరింకేం? చూసుకుంటూ నడవండి.”

ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చూసుకుంటూ చేసే ఉద్యోగమైతే ఇంకేం కావాలి!

ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. మడతపెట్టిన దుప్పటి మీద ఒంటికాలిపై నిలబడి, కళ్ళు మూసుకుని పళ్ళు తోముకునేవాడు. “మన పెళ్ళిలో కూడా ఇంత బుద్ధిగా నిలబడలేదు మీరు” అని భార్య దెప్పేది. దెప్పుతూనే, పడిపోతాడేమోనని వెనక చేతులు చాచి నిలబడేది. ఆయన కళ్ళకి గంతలు కట్టుకుని తిరిగే వేళకి కుర్చీలు అటూ ఇటూ జరిపిపెట్టేది కూడా ఆవిడే. గుద్దుకున్నాడు, విసుక్కున్నాడు, మానలేదు. ఆ మొండితనానికి దణ్ణం పెట్టాలి.

చివరికి రిహార్సల్‌కి పిలుపొచ్చింది. ఆ నాటకంలో అందరూ అక్కగారు అని పిలిచే, వయసు మళ్ళిన పెద్ద నటి ఉంది. లైట్లు ఆరగానే ఆవిడ వెనక్కి అడుగేసి, తిరిగి చూడకుండా కూర్చోవాలి. ఆలోపు పిల్లి సెట్టులోని మెట్లు దిగి వచ్చి ఆవిడ వెనక కుర్చీ పెట్టాలి. కుర్చీ తప్పిందంటే ఆ వయసులో నడుం విరిగినట్టే. పైగా చీకట్లో ఎవరూ నోరెత్తకూడదన్నది అక్కడి పాత నియమం.

లైట్లు ఆరాయి. పిల్లి కుర్చీ ఎత్తుకుని దిగాడు. కింది మెట్టు దగ్గర మోకాలు మూగబోయింది. పాదం ఎంత ముందుకి పడిందో అంతు చిక్కలేదు. కుర్చీ పెట్టాడు సరే, ఎక్కడ పెట్టాడు?

“అక్కగారూ, కూర్చోకండి!”

లైట్లు వెలిగాయి. కుర్చీ ఉండాల్సిన చోటే, గీత గీసినట్టు ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. దర్శకుడు తల పట్టుకున్నాడు. పిల్లికి తల కొట్టేసినట్టయింది.

“సరిగ్గానే పెట్టావుగా, మరెందుకు అరిచావ్?” అంది అక్కగారు.

“సరిగ్గా ఉందని నాకు తెలీలేదండీ. నాకే తెలీకుండా మిమ్మల్ని ఎలా కూర్చోనిస్తాను?”

ఆవిడ మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడింది. “లైట్లు తీసేయండి, మళ్ళీ చేద్దాం” అంది.

ఈసారి పిల్లి తొందరపడలేదు. మెట్టు మెట్టుకీ బరువు మోపి, పిక్కలోంచీ తొడలోంచీ కబురందేదాకా ఆగి దిగాడు. కుర్చీ పెట్టాడు.

ఆ చీకట్లో నియమం తప్పింది అక్కగారే.

“తెలిసిందా?” అని మెల్లగా అడిగింది.

ఆయన కాలు ఇంకోసారి నేలకి అదిమి చూసుకున్నాడు.

“తెలిసిందండీ.”

ఆవిడ వెనక్కి తిరగకుండా కూర్చుంది.