నా కాలి కింది బ్రేకు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. ఇరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోశాను. మామూలు అబద్ధాలైతే నాకు బరువు కాదు. ప్రొద్దుటూరులో నన్నెరిగినవాళ్ళను అడగండి, నా నోట్లోంచి వచ్చిన మాటను సగానికి కోసి, ఆ సగాన్ని జల్లెడ పట్టి నమ్ముతారు. నేను కారు నేర్పే మాస్టరును. కోతలు కోయడం ఆ పనితో వచ్చిందో, ముందే ఉందో చెప్పలేను. కానీ ఈ ఒక్కటి కోత కాదు. దీన్ని అందరూ నమ్మారు.

ఎస్తేరు నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. బడిపంతులు కూతురు. సొంతంగా ట్యాక్సీ తిప్పుతానంది. ఆడపిల్లకు ట్యాక్సీ ఏమిటని వాళ్ళ చర్చిలో నలుగురూ నవ్వుతుంటే, ఆ పంతులు మాత్రం కూతుర్ని నా కారు దాకా తెచ్చి, "నీకిష్టమొచ్చిన చోటికి పో పాపా. యాడికి పోయినా, ఏం చేసినా, నేనే చేసినానని చెప్పేదానికి మాత్రం భయపడొద్దు" అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ మాట నాకు కాదనుకున్నాను.

నేర్పేవాడి కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో నా కాలి కింద. ఆ రెండోదాని సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. కాళ్ళు పెట్టుకునే కమ్మీ అనేవాణ్ణి. పిల్లలు తడబడినప్పుడు చప్పుడు లేకుండా దాన్ని నొక్కి, "చూశారా, నేను చూస్తే చాలు, బండి ఆగుతుంది" అనేవాణ్ణి. నా చూపుకు అంత మహిమ ఉందని కొందరు నమ్మారు కూడా.

ఆ ఉదయం చాపాడు దారిలో ఉన్నాం. ఎస్తేరు నడుపుతోంది. వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు. గండికోట నుంచి జమ్మలమడుగు దాకా లారీని వెనక్కి నడిపిన కథ వాళ్ళకు చెబుతున్నాను. రివర్సు తప్ప ఏ గేరూ పడలేదని, ఎదురొచ్చిన బస్సువాళ్ళు నేను పోతున్నానో వస్తున్నానో తేల్చుకోలేక దిగి దండం పెట్టారని. కథ రక్తి కట్టాలంటే నాకు చేతులు చాలవు. సీటు మీద బాసింపట్టు వేసుకొని పూర్తిగా వెనక్కి తిరిగాను. అంటే నా కాళ్ళు రెండూ పైనున్నాయి. మీకు అర్థమైంది కదా? నేను ఇన్నేళ్ళుగా అక్కడే ఆగిపోయాను.

పక్క బాటలోంచి గడ్డిమోపుతో సైకిలు మీద ఒక పెద్దాయన రోడ్డెక్కాడు. ఎస్తేరు బిగుసుకుపోయింది. కొత్తవాళ్ళు బిగుసుకుపోతారు. అందుకే పక్కన ఒక మనిషిని, ఆ మనిషి కాలి కింద ఒక బ్రేకును పెట్టారు. నేను తిరిగేసరికి పెద్దాయన కింద ఉన్నాడు. కాలు విరిగింది.

జనం చేరారు. "ఏందప్పా, పక్కన కూచోని నువ్వేం చేస్తాంటివి?" అని అడిగారెవరో. నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. "బ్రేకు తొక్కు, తొక్కు అని గొంతు చించుకుంటి. ఈ పాప ఇనలే" అన్నాను. నేను అరవలేదు. వెనక కుర్రాళ్ళు నా కథకు పడి పడి నవ్వుతున్నారు, ఆ నవ్వుల్లో ఎవరు అరిచారో వాళ్ళకేం తెలుసు? ఎస్తేరు ఒకసారి నా వైపు చూసి, జనం వైపు తిరిగి, "తప్పు నాదే. సార్ అరిచినారంట, నాకు ఇనపడలే" అంది.

తన చెవులకంటే నన్ను నమ్మింది.

మళ్ళీ ఆమె స్టీరింగు పట్టలేదు. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా చాపాడు పోయి, పెద్దాయన కాలికి కట్టు మార్చేది. ఆయన బర్రెకు గడ్డి కోసుకొచ్చేది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. నేను ఒక్కసారి పండ్లు తీసుకొని పోయాను. ఆయన్ను కాసేపు నవ్వించి వచ్చాను. నవ్వించాను! అంతకంటే చేయగలిగింది లేదా? ఉంది. చేయలేదు.

తర్వాత మారాను, అది నిజం. ఇంజను నడుస్తుండగా కథ చెప్పను. మొదటి రోజే రెండు బ్రేకులూ చూపిస్తాను. ఎటు తిప్పినా మీ ఇష్టం, తిప్పినందుకు జవాబు కూడా మీదే అని పిల్లలకు చెబుతాను. ఘోరం ఏమిటంటే, ఆ పాఠానికి ఎస్తేరు కథనే వాడుకున్నాను, పేరు చెప్పకుండా. తప్పు చేసిన పిల్ల అందరి ముందూ ఎలా ఒప్పుకుందో చెప్పి కుర్రకారు కళ్ళు తడిపేవాణ్ణి. తప్పు చేసింది నేను, ఒప్పుకున్నది ఆమె, మెప్పు మళ్ళీ నాకే.

పోయిన నెల జమ్మలమడుగు రోడ్డు పక్కన కారు ఆపి ఆ కథే చెప్పాను. స్టీరింగు ముందు కెజియా, ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి. కథంతా విని నా వైపు తిరిగింది.

"ఆమె మా అమ్మ సార్."

ఆ మొహంలో ఎస్తేరు పోలిక వెతికాను.

"ఇప్పటికీ కారులో ముందు సీట్లో కూచోదు. ఎవరన్నా ఏమన్నా చెప్తే, సరిగ్గా ఇనపడిందా లేదా అని మళ్ళా అడుగుతాది. మీరు ఆ పొద్దు తిట్టలేదని మాత్రం శానా మంచిగా చెప్తాది." ఆగి, నా కాళ్ళ వైపు చూసింది. "సార్, మీ కాడ గూడ ఒక బ్రేకుంది గదా. ఆ పొద్దు మీ కాలు యాడుండె?"

ఒక కోత నోటిదాకా వచ్చింది. మంచిదే వచ్చింది, వైరు తెగిందని. మింగేశాను.

"సీటు మీదుండె. నేను అరవలేదు గూడ."

కెజియా రోడ్డు వైపు తిరిగింది. "నాకు చెప్తే ఏం లాభం? పులివెందులకు పోయి ఆమెకు చెప్పండి" అంది. కారు తీసి, వెనకా ముందూ చూసుకొని నెమ్మదిగా రోడ్డెక్కింది.

వెళ్ళాను. ఎస్తేరు వాకిట్లో కుర్చీ వేసింది. నవ్వించకుండా మాట్లాడటం నాకు చేతకాదు. తడబడుతూనే అంతా చెప్పాను. పోనీలే అంటుందేమోనని ఎదురుచూశాను, దాచడమెందుకు. అనలేదు. "ఆ పెద్దాయన ఉన్నప్పుడు వచ్చి ఈ మాట చెప్పింటే బాగుండు సార్" అంది. "నేను పోయినప్పుడల్లా, 'పాపా, నేను గూడ చూసుకోకుండా వస్తి' అనేటోడు. మేమిద్దరం మా తప్పు మేం చెప్పుకుంటాంటిమి. మీరొక్కరే మీది చెప్పేదానికి రాలే."

నన్ను క్షమించిందా? అడగలేదు. అడగడానికి నాకు నోరెక్కడిది? కానీ బస్సులో తిరిగి వస్తూ ఆ పంతులును, ఆయన కూతుర్ని, ఆ మనవరాలిని తలుచుకొని మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ మనవరాలు ఆ ఒక్క ప్రశ్న అడక్కపోయి ఉంటే, నేను చచ్చేదాకా మంచి మాస్టరునే.

మొన్న చేరిన పిల్లలకు ఈ కథ ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరి కళ్ళూ తడవలేదు. ఒక అబ్బాయి అప్పుడే దిగిపోయి, వేరే మాస్టరు దగ్గర చేరతానన్నాడు. అది అతని ఇష్టం. చేరమన్నాను. నాకెందుకో తేలికగా ఉంది.