పసుపు పెట్టిన చుక్క

పదిహేనేళ్ళుగా ఒక చుక్కను మోస్తున్నాను. గ్రాఫు కాగితం మీద పెట్టే చుక్క. ఆవగింజంత కూడా ఉండదు. అయినా మోసీ మోసీ అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నా పరిశోధన చెవి మీద. వైద్యుణ్ణి కాను, లెక్కలవాణ్ణి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఒకటి ఉంటుంది. దాని పొడవునా ఒక సన్నని పొర. మొదట్లో బిగువుగా, పోనుపోను వదులుగా ఉంటుంది. కీచు శబ్దాలకు మొదలు ఊగుతుంది, బొంగురు శబ్దాలకు చివర ఊగుతుంది. ఆ పొరను వందల ముక్కలుగా ఊహించుకుని, ఏ శబ్దానికి ఏ ముక్క ఎంత ఊగుతుందో కంప్యూటర్ మీద లెక్కకట్టడం నా పని. ఇంకో వింత ఉంది. ఆరోగ్యంగా ఉన్న చెవి వినడంతో ఊరుకోదు, తనూ సన్నగా బదులు పలుకుతుంది. చెవిలో చిన్న మైకు పెడితే ఆ బదులు దొరుకుతుంది. నా లెక్క నిజమో కాదో తేల్చేది ఆ బదులే.

దానికి మంచి చెవులు కావాలి. గోల మధ్య పనిచేయని వాళ్ళవి కావాలి. నాకు ఊళ్ళు తిరిగే ఓపిక లేదు. ఆ మైకు మిషను తీసుకుని మా మార్కాపురం వచ్చి, ఇంట్లోవాళ్ళనీ బంధువులనీ కూర్చోబెట్టాను. మా మేనత్త కూడా వచ్చింది. పలకల ఫ్యాక్టరీలో రంపం దగ్గర అప్పటికే ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఫారంలో "పెద్ద శబ్దాల మధ్య పనిచేస్తారా?" అన్నచోట నేనే "లేదు" అని టిక్కు పెట్టాను. మనుషులు తక్కువ పడ్డారు మరి.

"ఏంది అల్లుడా, నా చెవిలో పాటలు పెడతన్నావా?" అని నవ్వింది.

బొంగురు శబ్దాలకు ఆమె చెవి బదులిచ్చింది. కీచు శబ్దాల దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. మళ్ళీ పెట్టాను. ఏమీ లేదు. రంపం మోత ఆ పొర మొదలును తినేసింది.

"ఎట్లుంది?" అని అడిగింది. "ఈమధ్య గుయ్యిమని ఒకటే మోత. ప్యాకింగ్‌లోకి మారమని మేస్త్రి చెప్పినాడు. ఆడ కూలి తక్కువ. చెవి బాగుంటే నేనేడికీ పోను. నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్పు."

"బాగుంది అత్తా. ఏం కాలేదు," అన్నాను.

ఎందుకన్నాను? చెడిందని చెబితే నేను పెట్టిన దొంగ టిక్కు బయటపడుతుంది, ఒక్కటి దొంగదైతే యూనివర్సిటీవాళ్ళు మిగతావీ అడుగుతారు, మళ్ళీ మొదటినుంచీ తిరగాలి, ఇంకో ఏడాది పోతుంది. ఇదంతా ఆ ఒక్క క్షణంలో ఆలోచించానా? లేదేమో. పని అయిపోతే చాలనుకున్నాను. ఆమె చెవి మీద నాకు కోపం కూడా వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది.

గ్రాఫులో ఒక్కో మనిషి చెవికి ఒక్కో చుక్క. అందులోంచి ఆమె చుక్క తీసేశాను. తీసేశానని ఎక్కడా రాయలేదు. గీత నున్నగా వచ్చింది. డాక్టరేటూ వచ్చింది. అత్త రంపం దగ్గరే ఉండిపోయింది.

నా పరిశోధనను అట్ట వేయించి పుస్తకంగా ఇంటికి తెస్తే, పేజీలు తిప్పి "ఇందులో నేనేది?" అని అడిగింది. ఏదో ఒక చుక్క చూపించాను. అది గిద్దలూరులో ఉండే మా బాబాయిది. ఆమె దేవుడి గూట్లోంచి పసుపు తెచ్చి ఆ చుక్కకు పెట్టింది. మా అల్లుడి పుస్తకంలో నా చెవి పడిందని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించింది. ఇప్పటికీ చూపిస్తుంది.

ఇప్పుడామెకు ఏదో గుడగుడ తప్ప మాట చెవిన పడదు. ముందు మనవరాలి మాట పోయింది, తర్వాత ఆడవాళ్ళవి, తర్వాత అందరివీ. కీచు గొంతులు ముందు, బొంగురువి వెనక. నా లెక్క చెప్పిన వరసే అది. లెక్క సరిపోయింది.

మొన్న వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. చెప్పాలంటే అరవాలి, అరిస్తే వీధంతా వింటుంది అని దారిలోనే ఒక సాకు వెతుక్కున్నాను. ఆ సాకూ నిలవలేదు. అత్త కూడబలుక్కుని చదవగలదు. ఇంట్లో అందరూ ఆమెకు పలక మీద రాసి చూపిస్తున్నారు. ఆమె కోసిన పలకే. నా చేతికీ పలకా బలపమూ ఇచ్చింది.

"వయసైపోయింది అల్లుడా, అందుకే పోయినాయి చెవులు. అప్పుడు బాగుండాయని నువ్వే చెప్తివి గదా," అంది. "ఏందో రాయి మరి."

బలపం పట్టుకున్నాను. "అన్నం తిన్నావా?" అని రాశాను. చదివి, నవ్వి, తిన్నానని తల ఊపింది. కొంగుతో పలక తుడిచి మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

నేను రాయాల్సింది ఇది. అత్తా, ఆ రోజు నీ చెవి బాగాలేదు. నాకు తెలుసు. నువ్వు పసుపు పెట్టిన చుక్క నీది కాదు. నీ చుక్కను నేనే తీసేశాను.

ఇక్కడ రాయగలిగాను. చెయ్యి కాస్త తేలికైంది. పలక మీద మాత్రం ఇంకా రాయలేదు.