గాలి కోసం నిలబడిన ఖాదరన్న

మంగళవారం పొద్దున తాడిపత్రి నుంచి ఖాదరన్న భార్య హసీనా వదిన ఫోన్ చేసి, "పాపా, మీ అన్న లేడు" అని చెప్పింది. ఆ మాట నాలోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. బండల ఫ్యాక్టరీలో లారీకి రాళ్ళెత్తుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. యాభై ఏళ్ళు కూడా నిండని మనిషి. అకాల మరణం అనే మాట పత్రికల్లో రోజూ చదువుతూనే ఉంటాం. అది ఎంత చప్పటి మాటో నాకు ఆ పొద్దున తెలిసింది.

ఖాదరన్న నాకు రక్తబంధువు కాదు, గురువు. గుత్తి దగ్గర మా ఊరి రిజర్వాయరులో ఆయన విండ్‌సర్ఫింగ్ నేర్పేవాడు. మనిషి నిలబడేంత బోర్డు, దాని మీద ఒక కర్ర, కర్రకు తెరచాప. ఇంజను లేదు, తెడ్డు లేదు, గాలి ఒక్కటే ఆధారం. వయసులో ఉన్నప్పుడు ఆయన పొట్టకూటికి సముద్రతీరానికి పోయి, ఒక క్రీడాసంస్థలో పడవలు కడుగుతూ ఆ విద్య పట్టుకున్నాడు. కాలువ నీళ్ళొచ్చి మా రిజర్వాయరు నిండిన ఏడు, ఆ సంస్థవాళ్ళను బతిమాలి పాత బోర్డులు తెచ్చుకుని ఊరి పిల్లలను పోగుచేశాడు. కరువు సీమలో ఈ ఆటేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు.

నన్ను పంపడానికి మా నాయన ఒప్పుకోలేదు. ఆడపిల్లకు నీళ్ళల్లో ఏం పని అన్నాడు. ఖాదరన్న మా వసారాలోకి వచ్చి, పిలవకుండానే కూర్చుని, "ఏమప్పా, బాయిలో నీళ్ళు చేదేకి పనికొచ్చే పిల్ల, నీళ్ళ మీద నిలబడేకి పనికిరాదా?" అని అడిగాడు. మా నాయన సరేనన్నాడు. మరునాడు నేను బోర్డు ఎక్కాను, ఎక్కిన వెంటనే పడ్డాను. ఒడ్డున నిలబడి ఆయన నవ్వాడే తప్ప చెయ్యి ఇవ్వలేదు.

శాంతమూర్తి అని ఆయన గురించి ఎవరైనా రాస్తే నమ్మకండి. కోపిష్టి. మాట కటువు. తెరచాప మడతలో ఇసుక కనబడితే ఆ రోజుకు మాకు శని పట్టినట్టే. ఐతే నేర్పడం మొదలుపెట్టాడంటే ఆ గొంతే మారిపోయేది. మా పీఠభూమి మీద గాలికి నిలకడ ఉండదు. గుట్టల సందున పుట్టి ఒక దిక్కునుంచి వస్తుంది, వచ్చినట్టే వచ్చి ఇంకో దిక్కుకు తిరుగుతుంది, ఉన్నట్టుండి చచ్చిపోతుంది. దాన్ని పట్టుకోవడం ఆయనకు కళ్ళంలో అబ్బిన విద్య. శెనక్కాయలు తూర్పారబట్టేటప్పుడు వాళ్ళ నాయన చేటను తలమీదికి ఎత్తి, గాలి ఆగితే తానూ ఆగేవాడట. గాలి లేనప్పుడు పోస్తే కాయా చెత్తా ఒక్కచోటే పడతాయి. తొందరపడి పోసిన కొడుకు వీపు మీద దెబ్బ పడేది. "గాలి యాడనుంచి వస్తాందో కండ్లతో వెతకొద్దు పాపా. చెంపకు తెలుస్తాది" అనేవాడు ఖాదరన్న. ఈ చెంపకు ఇప్పటికీ తెలుస్తుంది. దాంతో చేసేదేమీ లేదు.

మేము నేర్చుకుంటుండగానే ఒక ఏడాది రాష్ట్రస్థాయి పోటీలు మా రిజర్వాయరులోనే పెట్టారు. సంస్థవాళ్ళు ముందే కచ్చితంగా చెప్పారు. మా ఊరి నుంచి ఒక్కరైనా మొదటి ముగ్గురిలో నిలిస్తే బోర్డులు మాకే ఉంటాయి, లేదంటే లారీలో వెనక్కి పోతాయి. స్లాలమ్ పందెం. నీళ్ళ మీద అటొకటి ఇటొకటి తేలే గుర్తులను మెలికలు తిరుగుతూ చుట్టి, చివరి గీత దాటాలి. పిల్లలమంతా తొలి విడతల్లోనే ఓడిపోయాం. తుదిపోటీకి మిగిలింది ఖాదరన్న ఒక్కడే.

కట్ట మీద ఊరంతా ఉంది. గాలి పలచగా, కుదురు లేకుండా ఉంది. మొదటి మలుపులో ఆయన వెనకబడ్డాడు. తర్వాత ఎవరికీ కనబడని పిల్లగాలిని ఎక్కడో పట్టుకుని, ఒక్కొక్కరినే దాటి మూడో స్థానానికి వచ్చాడు. చివరి గుర్తు చుట్టి గీత వైపు తిరిగాడో లేదో గాలి పూర్తిగా పడిపోయింది. అప్పుడు చేయవలసింది తెరచాపను రెండు చేతులా విసనకర్రలా ఊపుతూ, ఉన్న కాస్త వేగాన్ని నిలుపుకోవడం. నియమాలు దానికి ఒప్పుకుంటాయి. మాకు ఆ కిటుకు నేర్పినవాడే ఆయన. వెనకవాళ్ళు ఊపుకుంటూ వస్తున్నారు. ఖాదరన్న ఊపలేదు. తెరచాప ఎత్తి పట్టుకుని, చెంప పక్కకు తిప్పి, కదలకుండా నిలబడ్డాడు.

ఈ ఒక్క సంగతి మాత్రం నేను చచ్చేదాకా మరవలేను. కట్ట మీద అంతమంది రైతులున్నారు, ఒక్కరూ ఊపమని అరవలేదు. అందరూ ఆయనలాగే గాలి కోసం నిలబడ్డారు. నా పక్కనున్న పెద్దాయన నెమ్మదిగా, "తొందరపడొద్దు ఖాదరూ, వస్తాది, వస్తాది" అంటున్నాడు. ఊపమని నేను కూడా అరవలేదు. అలా నిలబడటం తప్పని మాలో ఎవరికీ తోచలేదు. గాలి పడిపోతే ఆగాలి, కళ్ళంలో మాకు తెలిసింది అంతే. చూస్తుండగానే ఇద్దరు ఆయన్ని దాటిపోయారు.

ఒడ్డుకొచ్చాక ఆయన నీళ్ళలోనే కూర్చున్నాడు. "చేతులు ఇనలే పాపా. మా నాయన చేట పట్టుకున్యట్ల నిలబడిపోయినాయి. గాలి వస్తాదనుకుంటి" అన్నాడు. వచ్చింది, నిజంగానే వచ్చింది. పందెం ముగిసి జనం లేచిపోతుంటే మా అందరి బట్టలూ ఎగిరేంత గాలి.

సాయంత్రానికి బోర్డులు లారీ ఎక్కాయి. ఆయనే తాళ్ళు బిగించాడు. కొన్నాళ్ళు ఆ సంస్థవాళ్ళకు ఫోన్లు చేశాడు, ఎవరెవరినో కలిశాడు, చివరికి సంసారం గడవక తాడిపత్రికి పోయాడు. నేను వ్యాయామ ఉపాధ్యాయురాలినై బడి మైదానంలో ఖోఖో ఆడిస్తున్నాను. తాడిపత్రికి పోయినప్పుడల్లా వదిన చాయ్ ఇచ్చేది, అన్న నా జీతం గురించి, పిల్లల గురించి అడిగేవాడు. నీళ్ళ ఊసు ఎత్తనిచ్చేవాడు కాదు.

ఆ మంగళవారం ఆయన ఇంటి దగ్గర జనాజా పాడె లేచే ముందు, ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసినవాళ్ళు వాకిట్లో కూర్చుని ఉన్నారు. నేనెవరని అడిగితే చెప్పాను. ఒకాయన నమ్మలేనట్టు చూశాడు. "ఖాదర్ భాయ్ నీళ్ళ మీద నిలబడేటోడా? ఇన్నేండ్లు పక్కన కూసోని సంగటి తింటిమి, ఒగ దినమన్నా చెప్పలేదే." పందెం సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, "మరి గెలిచినాడా మా?" అన్నాడు. లేదన్నాను. "అట్లనా" అని తల ఊపి, భుజం పట్టడానికి లేచిపోయాడు.

గురువుగారి ఆత్మకు శాంతి కలగాలని రాయాలి. రాశాను. ఆయనవంటి మనిషి మా సీమకు మళ్ళీ దొరకడు, ఇది మర్యాదకు అంటున్న మాట కాదు. నిన్న సాయంత్రం బడి వదిలాక రిజర్వాయరు కట్ట మీదికి పోయాను. ఈ ఏడు నీళ్ళు నిండుగా ఉన్నాయి, గాలి మంచిగా ఉంది. చీకటి పడేదాకా చూశాను. ఆయన నేర్పిన మాలో ఒక్కరం కూడా ఆ నీళ్ళ మీద లేము.