దిద్దని ఫొటో

స్టూడియో ఆయన చెయ్యి ఊరికే ఉండదు. ఎవరి ఫొటో తీసినా మచ్చలు చెరిపి, ముడతలు సాపుచేసి, ఓ పదేళ్లు తగ్గించి గాని ఇవ్వడు.

ఎదురుషాపులో బట్టలు కుట్టే అక్క వాళ్లమ్మకు ముందుపన్ను ఊడిపోయింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఒకసారి ఈయన ఏదో వేళాకోళమాడి, చెయ్యి లేచేలోపే ఆ నవ్వు కెమెరాలో పట్టేశాడు. పన్ను అతికించి ఇద్దామని కంప్యూటర్లో దాచాడు. ఈలోగా పెద్దావిడ పోయింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఎవడో దొంగ వైరస్ పంపి ఫొటోలన్నిటికీ తాళం వేశాడు. డబ్బు కడితేనే తీస్తాడట. ఈయన సైబర్ పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు. వాళ్లు డబ్బు కట్టొద్దన్నారు, డిస్కు పారేయొద్దన్నారు. ఇలాంటి తాళాలు తీసే టూల్స్ ఉచితంగా దొరికే సైటు చూపించారు.

రోజూ షాపు తెరవగానే ఆ సైటు చూసేవాడు. రోడ్డవతల అక్క మిషన్ ఆపి, అమ్మ ఫొటో వచ్చిందా అని కళ్లతోనే అడిగేది. లేదని తల ఊపడానికి ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది.

చివరికి ఆ తాళానికీ టూల్ వచ్చింది. కానీ ఓ మెలిక ఉంది. తాళం పడ్డ ఫొటోల్లో ఒక్కదానికైనా, కెమెరాలో పడింది పడినట్టున్న కాపీ కావాలి. రెండూ పోల్చి చూసుకుంటే గాని అది తాళం తీయలేదు. జనం దగ్గరున్నవన్నీ ఈ మహానుభావుడు దిద్ది ఇచ్చినవే! తలపట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు పోస్టుమాన్. బుగ్గమీద మచ్చ చెరిపేశాడని షాపులో చిందులు తొక్కి, అసలు ఫొటోనే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోయిన మనిషి. అడగ్గానే బీరువా అంతా తిరగేసి తెచ్చిచ్చాడు.

"ఇప్పుడైనా బుద్ధొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది బాబూ, వచ్చింది!"

సాయంత్రానికి ఫొటోలు తెరుచుకున్నాయి. స్టూడియో ఆయన గుమ్మంలోంచే అక్కను కేకేశాడు. మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. తెరమీద వాళ్లమ్మ నోరారా నవ్వుతోంది, చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది. అక్క బావురుమంది. ఆయనకూ ఏడుపొచ్చింది. అలవాటు కొద్దీ మౌస్ అందుకున్నాడు.

"పన్ను పెట్టేయనా అక్కా? క్షణంలో పని."

"వద్దు తమ్ముడూ, ముట్టుకోకు." పన్ను లేని ఆ సందు మీద ఆమె వేలు ఆనించింది. "అమ్మ నా ఒక్కదాని దగ్గరే చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు."

ఆయన మౌస్ పక్కకు నెట్టేసి, ప్రింటర్‌లో పెద్ద కాగితం పెట్టాడు.