తొంభై ఒకటి ప్రధాన సంఖ్య కాదు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మే నెలలో, హనుమకొండలోని ఒక మూల్యాంకన కేంద్రంలో నన్ను అసిస్టెంట్ ఎగ్జామినర్‌గా వేశారు. అప్పుడు నేను ధర్మసాగర్ వైపు ఒక ఊళ్లో లెక్కల టీచర్ని. ఐదో తరగతి పాసైన పిల్లలకు రెసిడెన్షియల్ బడిలో సీట్ల కోసం పెట్టిన పరీక్ష అది. ఒక్క మార్కు తగ్గినా సీటు పోతుంది.

జవాబు పత్రాల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. పైనుంచి వచ్చిన ‘కీ’, అంటే సరైన జవాబుల పట్టీ, చూసి మేం మార్కులు వేసి సంతకం చేస్తాం. చీఫ్ ఎగ్జామినర్ వాటిని సరిచూస్తారు. ఆయనపైన క్యాంప్ ఆఫీసర్.

రెండో రోజు ఒక పేపర్ దగ్గర నా చెయ్యి ఆగింది. 51, 57, 61, 91లలో ప్రధాన సంఖ్యలేవి అన్నది ప్రశ్న. సరిగ్గా రెండే కారణాంకాలు, ఒకటీ తనూ, ఉన్నదే ప్రధాన సంఖ్య. కీలో 61, 91 అని ఉంది. ఈ పేపర్లో 61 ఒక్కటే రాసి, పక్కన 7 × 13 = 91 అని లెక్క చేసి ఉంది. కీ ప్రకారం దానికి సున్నా.

ఒళ్లు మండింది. వందలోపు సంఖ్యను 2, 3, 5, 7లతో భాగించి చూస్తే చాలు, తేలిపోతుంది. కీ రాసిన పెద్దమనిషి ఐదు దగ్గరే ఆగిపోయాడు. పదేళ్ల బిడ్డ ఏడు దాకా వెళ్లింది. అంతకంటే సిగ్గుచేటు, మొదటి రోజంతా నేనూ కీ చూసి గుడ్డిగా దిద్దాను.

చీఫ్ ఎగ్జామినర్ సమ్మయ్య సార్‌కు చూపించాను.

“కీల ఏముంటె గదే వెయ్యిండ్రి మేడం. మనకెందుకు ఫికర్?”

“ఏడు పదమూళ్లు ఎంత సార్?”

“నాకు తెల్వదా? మార్చే పవర్ మనకు లేదు. జర జల్ది కానియ్యుండ్రి.”

తెలిసి కూడా! సంతకం చేయనని కాగితం మీద రాసి క్యాంప్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాను. “ఎవ్వరికి లేని ఇబ్బంది మీకే వచ్చిందా అమ్మా?” అన్నారాయన, కాగితం చదవకుండానే. ఆయన టేబుల్ మీదున్న పేపర్లు కట్టే ట్యాగులు తీసి, వరుసకు పదమూడు చొప్పున ఏడు వరుసలు పేర్చాను. ఆయన ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఫోన్ అందుకున్నారు.

మధ్యాహ్నానికి కొత్త కీ వచ్చింది. దిద్దేసిన బండిళ్లకు మాత్రం సీల్ పడింది, అవి అట్లే పోతాయన్నారు మా గదికి వచ్చిన క్యాంప్ ఆఫీసర్.

“నిన్నటి పిల్లలకో లెక్క, ఇయ్యాల్టి పిల్లలకో లెక్కా సార్?” అని గట్టిగా అడిగాను. మా గదిలో ఎవ్వరూ కొత్త బండిల్ విప్పలేదు. పక్క గదులవాళ్లూ పెన్నులు కింద పెట్టేశారు. సాయంత్రానికి సీళ్లు తీయక తప్పలేదు. నా సంతకాల కిందే పదకొండు సరైన జవాబులకు సున్నాలున్నాయి. అన్నీ దిద్దాను.

పనికి ఆటంకం కలిగించానని నాకు మెమో ఇచ్చారు. కీ రాసినాయన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

కీ రాసినవాళ్ల పేరు ఏ పేపర్ మీదా ఉండదు, దిద్దినవాళ్ల సంతకమే ఉంటుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కీలోని ప్రతి లెక్కా నేను చేసి చూసుకోకుండా మొదటి పేపర్ తెరవలేదు.